నారింజ గీత

లెక్కల మాస్టారు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

ట్యాబ్ తెర మీద ఆయన చెయ్యి సగం గీసిన వృత్తం దగ్గర ఆగిపోయింది. సెనూరి పెన్సిలు పళ్ల మధ్య పెట్టుకుని కాసేపు ఓపిక పట్టింది. తర్వాత నిద్రపోతున్న మనిషిని లేపినట్టు తెరని వేలికొసతో తట్టింది. ఆయన లేవలేదు.

"మళ్లీ అయిపోయింది, ఆచ్చీ."

వంటింట్లో కొబ్బరి తురుముతున్న డల్సీ చెయ్యి ఆపింది. మనవరాలి గొంతులో ఏడుపు లేదు, విసుగూ లేదు. డల్సీకి అదే భయం. ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టవచ్చు. పోయేవన్నీ పోతూనే ఉంటాయని పదిహేనేళ్లకే ఒప్పుకున్న పిల్లను ఏం చెయ్యాలి?

నెల సగం కూడా కాలేదు. డిసెంబరులో పరీక్ష. కొలంబో మాస్టారు చెప్పేదంతా ఆ తెరలోంచే రావాలి. ఇంటర్నెట్ కంపెనీ నెలకింతని ఇచ్చే డేటా ఇలా సగంలో హరించుకుపోవడం ఇది మొదటిసారి కాదు. డల్సీ చెయ్యి కొంగుకు తుడుచుకుని కంపెనీకి ఫోను చేసింది. చాలాసేపు పాట విన్నాక ఒక అమ్మాయి పలికింది.

"మా లెక్క ప్రకారం మీరు మొత్తం వాడేశారు, మేడమ్."

"ఎవరు వాడారమ్మా? ఇంట్లో ఉన్నదే నలుగురం."

"ఎవరు వాడారో మాకు తెలీదు మేడమ్. మీ ఇంటి దాకా వచ్చిందని మాత్రమే తెలుసు. ఇంకేమైనా సాయం కావాలా?"

ఈ మొదటి సాయమే అందలేదు కదా అనుకుంది డల్సీ. "వద్దమ్మా, చల్లగా ఉండు," అని పెట్టేసింది.

సాయంత్రం జూడ్ వచ్చాడు. విమానాశ్రయంలో పనిచేసేవాళ్లను వ్యానులో తిప్పుతాడు వాడు. తల్లి చెప్పింది విని చెప్పులైనా విప్పకుండా పెరట్లోకి నడిచాడు.

పెరట్లో వెనక గది అద్దెకు ఉంటున్న మలర్ బట్టలు ఉతుక్కుంటోంది. కొండల మీద తేయాకు తోటల పిల్ల. కటునాయక దగ్గరి ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుడుతుంది. వీధిలో ప్రతి ఇంటి వెనకా అలాంటి అమ్మాయిలున్న గది ఒకటి ఉంటుంది. అద్దెకిచ్చిన ఇల్లాలిని వాళ్లందరూ ఆంటీ అంటారు.

"నీ ఫోనేది?" అన్నాడు జూడ్.

మలర్ సబ్బునురుగు చేతులు లంగాకు తుడుచుకుని ఫోను తెచ్చి ఇచ్చింది. ఎందుకని అడగలేదు. ఆ అడగకపోవడం డల్సీకి గుచ్చుకుంది. ఎన్ని చోట్ల అడిగించుకుంటే మనిషికి ఇంత త్వరగా ఇచ్చెయ్యడం అలవాటవుతుంది?

జూడ్ ఫోను పైకీ కిందికీ తిప్పాడు. అందులో అరవ పాటలున్నాయి. "ఇదిగో, ఇవన్నీ ఎక్కడ్నించి వచ్చాయి? ఆకాశంలోంచి రాలాయా?"

"అవి ఊళ్లో ఎక్కించుకున్నవి అన్నా. నేను పొద్దున పోతే దీపాలు పెట్టాక వస్తాను. వచ్చి అమ్మకి ఒక్క ఫోను చేస్తాను. అదీ నా సిమ్ములోంచే."

"దొంగ ఏనాడైనా నేను దొంగనని చెప్తాడా? మా అమ్మ మెత్తదని పాస్‌వర్డ్ ఊడబెరుక్కున్నావు. ఆదివారం దాకా టైమిస్తున్నా. వేరే చోటు చూసుకో."

పాస్‌వర్డ్ డల్సీయే ఇచ్చింది. మలర్ తల్లి ఆస్పత్రిలో ఉన్నప్పుడు, మొహం చూసి మాట్లాడుకోమని. ఆ మాట గొంతు దాకా వచ్చింది. జూడ్ మెడ మీద ఉబ్బిన నరం చూసి అక్కడే ఆగింది.

గోడ అవతల చీపురు చప్పుడు ఆగింది. పక్కింటి మెర్సీకీ మూడు గదులున్నాయి. మెర్సీ విన్నదంటే వీధంతా విన్నట్టే. దొంగ అన్న పేరు మోసుకుని వెళ్లే పిల్లకు ఈ వీధిలోనే కాదు, చర్చి అవతల కూడా గది దొరకదు. గది లేకపోతే ఫ్యాక్టరీ ఉండదు. ఫ్యాక్టరీ లేకపోతే మళ్లీ కొండెక్కి ఆకు కోసుకోవడమే.

మలర్ ఫోను తీసుకుని నడుముకు దోపుకుంది. బకెట్లో మునిగిన యూనిఫాం తీసి పిండడం మొదలుపెట్టింది. నీళ్లన్నీ పోయాక కూడా పిండుతూనే ఉంది.

*

మర్నాడు డల్సీ గొడుగేసుకుని చేపల బజారు పక్కన ఉన్న ఇంతియాస్ కొట్టుకు వెళ్లింది. వాడు పగిలిన ఫోన్లు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం తగిలించుకుని తలెత్తకుండానే, "ఏం పగిలింది ఆంటీ?" అన్నాడు.

"ఏమీ పగల్లేదు. కారిపోతోంది."

చెప్పిందంతా విన్నాడు ఇంతియాస్. భూతద్దం నుదుటి మీదికి తోసుకున్నాడు. "ఆంటీ, మీ పక్కింటి మెర్సీ ఆంటీ చేపలు కొనేటప్పుడు ఏం చేస్తుంది?"

"చేపలవాడి త్రాసు నమ్మదు. సంచీలో సొంత త్రాసు తెచ్చుకుంటుంది. బజారంతా నవ్వుతుంది."

"నవ్వనివ్వండి. ఇదీ అంతే. కంపెనీ పెట్టెలో ఉన్నది కంపెనీ త్రాసు. దాని వెనక మీ త్రాసు ఒకటి పెట్టుకోండి. ఇంట్లో ప్రతి వస్తువూ మీ పెట్టెలోంచే పోవాలి, మీ పెట్టెలోంచే రావాలి. రెండు లెక్కలూ కలిస్తే దొంగ మీ ఇంట్లో ఉన్నాడు. కలవకపోతే కంపెనీలో ఉన్నాడు."

"కంపెనీలోనే ఉండాలని మొక్కుకుంటా," అంది డల్సీ.

మధ్యాహ్నం అన్నం వేళ ఇంతియాస్ ఎవరో అమ్ముకుపోయిన పాత రౌటర్ ఒకటి పట్టుకుని మోటారుసైకిలు మీద వచ్చాడు. కంపెనీ పెట్టెకున్న వైఫై ఆపేశాడు. తన పెట్టెకి పాత పేరే, పాత పాస్‌వర్డే పెట్టాడు. "పేరు మార్చలేదు కాబట్టి ఇంట్లో ఉన్నవన్నీ వాటంతటవే దీనికి తగులుకుంటాయి. కొత్త కోడలు వచ్చిందని వాటికి తెలీను కూడా తెలీదు," అన్నాడు. అన్నాక నాలుక్కరుచుకున్నాడు. ఈ ఇంట్లో కోడలి ఊసు ఎత్తకూడదని వాడికీ తెలుసు.

డల్సీ విననట్టే, "టీ తాగుతావా బాబూ?" అంది.

వాడు ఆమె ఫోనులో ఒక పేజీ తెరిచి పెట్టాడు. ఇంట్లో నెట్‌కు తగులుకున్న ప్రతి వస్తువుకూ అందులో ఒక వరుస, వరుసకు రెండు గీతలు. "నీలం గీత లోపలికి వచ్చేది. నారింజ గీత బయటికి పోయేది. వాడకం పెరిగితే గీత లేస్తుంది, ఆగితే పడుకుంటుంది. అంతే ఆంటీ, పెద్ద విద్యేం కాదు."

సెనూరి క్లాసుల కోసం డల్సీ అదనంగా కొంత డేటా కొనిపించింది. ఇక ఆమెకు అదే పని అయింది. అన్నం వార్చి చూస్తుంది, చేపకు పసుపు రాసి మోచేత్తో తెర జరిపి చూస్తుంది. కంపెనీ ఇంత అయిందని చెప్పిన లెక్కా, తన పెట్టె చెప్పిన లెక్కా పక్కపక్కన పెట్టి చూసింది. గింజ తేడాతో రెండూ ఒకటే.

"చూశావా? కంపెనీ నిజమే చెప్పింది," అన్నాడు జూడ్, టీలో బిస్కెట్ ముంచుకుంటూ. "దొంగ ఇంట్లోనే ఉంది. నేను మొదటే చెప్పలేదూ?"

డల్సీ వరుసలు చూస్తోంది. జూడ్ ఫోను, టీవీ, సెనూరి ట్యాబ్, తన ఫోను. అన్నిటికీ నీలం గీత లావుగా ఉంది. మలర్ ఫోను గీత సూదిలో దారంలా ఉంది. ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టే నిజం. కానీ అట్టడుగున ఇంకొక వరుస ఉంది. దానికి పేరు లేదు, అక్షరాలూ అంకెలూ కలిపిన ఒక తోక మాత్రం ఉంది. దాని నీలం గీత నేలకు కరుచుకుని ఉంది. నారింజ గీత మాత్రం కొండలా లేచి ఉంది.

ఇంతియాస్‌కు ఫోను చేసింది.

"బయటికి పోతోందా?" అన్నాడు వాడు. "అయితే దొంగ మీ ఇంటికొచ్చి తీసుకోవడం లేదు ఆంటీ. మీ ఇంట్లోంచే ఏదో బయటికి పోతోంది. బయటెక్కడో కూర్చుని ఎవరో చూస్తున్నారు."

"ఏం చూస్తున్నారు?"

"అది నా పెట్టె చెప్పదు. ఒక్కొక్కటే ఆపుకుంటూ రండి. ఏది ఆపితే ఆ గీత పడుకుంటుందో అదే."

ఎవరో చూస్తున్నారు. ఆ మాట డల్సీ వీపు మీద తడిబట్టలా అతుక్కుంది. గిన్నె కడుగుతూ వెనక్కి తిరిగి చూసింది. సెనూరికి జడ వేస్తూ కిటికీ మూసింది. కోడలు షిరోమి కువైట్‌కు పనికి పోయిన నాటి నుంచీ ఆ జడ డల్సీదే. కొడుకూ కోడలూ మాటలు తెంచుకున్నాక పాపిడి తీస్తున్నప్పుడల్లా ఆ పిల్ల తల మీద తల్లి నెత్తి సుడే కనబడుతుంది ఆమెకు. దువ్వెనతో దాని మీదుగా సాగిపోతుంది.

గీతను చూడగా చూడగా ఆమెకు ఇంకొకటి అర్థమైంది. సెనూరి బడికి పోయినంతసేపూ నారింజ గీత పడుకునే ఉంటుంది. పిల్ల గేటు తీసుకుని ఇంట్లోకి వచ్చి, సంచీ కుర్చీలో పడేసి, "ఆచ్చీ, ఆకలి," అందంటే కాసేపటికే లేస్తుంది. పిల్ల ట్యాబ్ ముందు కూర్చున్నా లేస్తుంది, పుస్తకం పట్టుకుని పైకి చదువుకున్నా లేస్తుంది. పక్క వీధికి ఆడుకోవడానికి పోతే కొంతసేపు ఎదురుచూసినట్టు నిలబడి, అప్పుడు పడుకుంటుంది.

అది పిల్ల కోసం వస్తోంది.

డల్సీ చర్చి నుంచి తెచ్చిన పవిత్ర జలం సీసా తీసి హాలు నాలుగు మూలలా చల్లింది. టీవీ మీద పడకుండా చెయ్యి అడ్డం పెట్టి మరీ చల్లింది. "ఏంటిది ఆచ్చీ, బొద్దింకల మందా?" అంది సెనూరి. "ఊఁ, పెద్ద బొద్దింకలకి," అంది డల్సీ. వచ్చి చూస్తే గీత అలాగే ఉంది.

*

శనివారం జూడ్ వ్యాను తీసుకుని పోయాడు. మలర్ ఓవర్‌టైముకు పోయింది. పోయేముందు వంటింటి గుమ్మంలో నిలబడి, "రేపు పొద్దున సర్దుకుంటాను ఆంటీ. సామానేం లేదు, ఒక్క బ్యాగే," అంది. ఎక్కడికి పోతావని డల్సీ అడగలేదు. జవాబు లేదని తెలిసిన ప్రశ్న అడగడం ఎదుటి మనిషిని కొట్టడమే.

సెనూరి హాల్లో చరిత్ర పాఠం బట్టీ పడుతోంది. ట్యాబ్ మూసే ఉంది. డల్సీ ఫోను చేత్తో పట్టుకుని మొదలుపెట్టింది. ట్యాబ్ ఆపింది, తన ఫోనులో పేజీ మాత్రం ఉంచింది. టీవీ ప్లగ్గు పీకింది. దానికీ దీనికీ సంబంధం లేదని తెలిసినా ఫ్యాను ఆపింది, ఫ్రిజ్ ఆపింది.

"చెమట పడుతోంది ఆచ్చీ."

"పట్టనీ. చదివింది బుర్రకెక్కుతుంది."

వరుసలన్నీ ఒక్కొక్కటే చీకటైపోయాయి. మలర్ ఫోను ఫ్యాక్టరీలో ఉంది, ఇక్కడ లేదు. అయినా నారింజ గీత కొండలా అలాగే నిలబడి ఉంది. డల్సీ ఇల్లంతా తిరిగి వచ్చి హాలు మధ్యలో నిలబడింది. ఇంక ఆపడానికి ఇంట్లో ఏమీ లేదు.

ఏమీ లేదని ఎందుకనుకుందో ఆ క్షణాన ఆమెకే తెలిసింది. ఒక్క స్విచ్చు ఉంది. దాని మీదికి చెయ్యి పోలేదు, అంతే. ఆమె చెయ్యే కాదు, ఈ ఇంట్లో ఎవరి చెయ్యీ దాని మీదికి పోదు. యేసు తిరుహృదయం పటం ముందు వెలిగే ఎర్ర బల్బు స్విచ్చు అది. డల్సీ పెళ్లయి వచ్చినప్పుడు అత్తగారు చూపించి, "ఇది ఆరితే ఇల్లారినట్టు," అని చెప్పింది. కరెంటు పోతే తప్ప అది ఆరలేదు.

ఇప్పుడూ ఆమె దాన్ని నొక్కలేదు. స్టూలు వేసుకుని ఎక్కి, ప్లగ్గు దగ్గర నుంచి తీగ వెంబడి చూపు పంపింది. ఒక తీగ బల్బుకు పోయింది. ఇంకొక సన్నటి తెల్ల తీగ పటం వెనక నుంచి అల్మరా పైకి, ప్లాస్టిక్ పూలగుత్తి కిందికి దూరింది. పూలు దుమ్ము పట్టి ఉన్నాయి. తీసి పక్కన పెట్టింది.

గుడ్డంత తెల్లటి వస్తువు. ముఖం గోడకు తిప్పి ఉంది. ముట్టుకుంటే అప్పుడే పెట్టిన గుడ్డులా వెచ్చగా ఉంది.

కువైట్ నుంచి షిరోమి పంపిన మొదటి పార్సిలులో, సబ్బులకూ పాలపొడి డబ్బాలకూ మధ్య వచ్చిన కెమెరా అది. పిల్లను చూసుకోవడానికి పంపుకుంది. తర్వాత ఎవరో జూడ్‌తో చెప్పారు, నీ పెళ్లాం పనిచేసే ఇల్లు వదిలి వేరెవరితోనో ఉంటోందని. నిజమో కాదో ఎవరూ అడగలేదు. జూడ్ ఆమె నంబరు రాకుండా చేశాడు, పిల్ల ట్యాబ్‌లోంచీ తీసేశాడు. ఆ కోపంలోనే స్టూలెక్కి దీని ముఖం గోడకు తిప్పాడు. "చూసింది చాలు," అన్నాడు. తిప్పేస్తే చచ్చినట్టే అనుకున్నాడు. ఇంట్లో అందరూ అలాగే అనుకున్నారు. ప్లగ్గు పీకాలంటే దేవుడి దీపం ఆర్పాలి. ఆ పని ఎవరూ చెయ్యలేదు. ఏళ్లు గడిచాయి, పూలు పెరిగాయి, దుమ్ము పెరిగింది, మర్చిపోయారు.

దీనికి చెవి కూడా ఉంటుందని, ఇంట్లో గొంతు వినబడితే షిరోమి ఫోనుకు కబురు పంపుతుందని ఎవరికీ తట్టలేదు.

ఇన్నాళ్లూ ఎక్కడో ఎడారి దేశంలో, ఎవరి ఇంటి వంటగదిలోనో, షిరోమి ఫోనులో సున్నం కొట్టిన గోడను చూస్తూ కూర్చుంది. గోడ వెనక నుంచి కూతురు చరిత్ర పాఠం బట్టీ పడుతుంటే వింది.

డల్సీ స్టూలు మీదే నిలబడిపోయింది. కింద సెనూరి రాజుల పేర్లు ఒకదాని వెనక ఒకటి అప్పజెబుతోంది, ఒక పేరు దగ్గర తడబడి మళ్లీ మొదటికొచ్చింది.

"సెనూరీ, మెర్సీ ఆంటీ దగ్గర కరివేపాకు నాలుగు రెమ్మలు అడిగి పట్రా తల్లీ."

"ఇప్పుడా? కూరే పెట్టలేదుగా."

"పెడతా. నువ్వు పో."

గేటు చప్పుడైంది. గీత ఇంకా లేచే ఉంది. ఎదురుచూస్తోంది. డల్సీ ఆ తెల్లటి వస్తువు దగ్గరికి ముఖం జరిపింది. నెమ్మదిగా, చర్చిలో పాపాలు ఒప్పుకోవడానికి కూర్చున్నట్టు, అంది:

"షిరోమీ."

ఫోను చూసింది. నారింజ గీత ఒక్కసారిగా నేలకు పడిపోయింది.

*

ఆ పూటంతా గీత లేవలేదు. సెనూరి చదివింది, పాడుకుంది, అన్నం దగ్గర కూర కారమని గొణిగింది. గీత లేవలేదు. డల్సీ ఫోను చీర కుచ్చిళ్లలో దోపుకుని, తీసి చూసి, మళ్లీ దోపుకుంది. పేరు పెట్టి పిలిచి బెదరగొట్టింది తను. అక్కడ ఆ పిల్ల ఏమనుకుని ఉంటుంది? దొరికిపోయాననుకుని ఉంటుంది. ఇప్పుడు దీన్ని పీకేస్తారని, గోడ కూడా మిగలదని. విమానాశ్రయం అద్దాల ముందు పెట్టె తోసుకుంటూ పోయిన రోజు షిరోమి వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే పోలేనని ముందే చెప్పింది. ఆ వీపు డల్సీకి గుర్తుంది. ఈ రోజు రెండోసారి ఆ వీపునే చూసినట్టయింది ఆమెకు.

జూడ్‌కు చెబితే మలర్ నిలబడుతుంది. ఆ వస్తువు తీసి వాడి చేతిలో పెడితే చాలు, దొంగెవరో తేలిపోతుంది. వాడు దాన్ని చెంప పగలగొట్టినట్టు నేలకేసి కొడతాడు. చెప్పకపోతే మలర్ రేపు బ్యాగు పట్టుకుని వీధిలోకి పోతుంది. ఇద్దరు పిల్లలు, మలరూ షిరోమీ. ఇద్దరూ తన కడుపున పుట్టనివాళ్లే. ఒకరిని ఉంచాలంటే ఒకరిని పోగొట్టుకోవాలి. మనుషుల్ని పంపించడమే తన చేతికి అలవాటైన పని అయిపోయిందా?

పడుకునే ముందు ఆమె ఇంతియాస్ పేజీ తెరిచింది. పేరులేని వరుస మీద వేలు పెట్టి అదిమితే పేరు రాసుకునే చోటు వస్తుందని వాడు చూపించాడు. కళ్లద్దాలు సర్దుకుని ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ రాసింది.

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి జూడ్ ఇడియాప్పాలు తింటున్నాడు. మలర్ పెరటి గుమ్మంలో బ్యాగు పక్కన పెట్టుకుని, వెళ్లొస్తానని చెప్పడానికి నిలబడింది. గోడ అవతల మెర్సీ చీపురు ఆదివారం కూడా ఊడుస్తోంది, ఒకే చోట.

"జూడ్, ఇది చూడు," అని డల్సీ ఫోను వాడి కంచం పక్కన పెట్టింది.

వాడు ఎడంచేత్తో జరుపుతూ చూశాడు. "ఇది మలర్‌దా? ఇంతేనా?"

"అంతే. నీ ఫోను చూడు, దానికి పదింతలుంది."

"మరి ఈ పెద్దదేంటి, అడుగునున్నది..." అని కళ్లు చికిలించుకుని చదివాడు. "డల్సీ?"

"నేనే."

వాడు నమలడం ఆపాడు. "నువ్వా?"

"పాత ఫోను ఒకటుంది. చిలాపంలో నా చిన్ననాటి స్నేహితురాలితో బొమ్మ కనబడేలా మాట్లాడుతూ, కట్టెయ్యడం రాక అలాగే వదిలేస్తున్నా. అదంతా పోతూనే ఉందంట. ఇంతియాస్ చెప్పాడు."

తన త్రాసు అబద్ధం చెప్పదని నాలుగు రోజులుగా ఇంట్లో అందరికీ చెప్పింది తనే. ఇప్పుడు బొటనవేలితో దాన్ని నొక్కిపెట్టి తూచింది. జూడ్ తల్లి ముఖంలోకి చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"నా కూతురి పరీక్ష నాశనం చేసింది నా తల్లేనన్నమాట," అన్నాడు. "ఈ వయసులో నీకు సినిమాలు, కబుర్లు. పైగా నా చేత ఇంకొకళ్లని దొంగనిపించావు. ముసలితనం వచ్చాక దగ్గర పెట్టుకోవాల్సింది బుద్ధి కదమ్మా, ఫోను కాదు."

"అవును," అంది డల్సీ.

"అవును అంటే అయిపోయిందా?"

"గట్టిగా అను. అవతల మెర్సీకి సరిగా వినబడటం లేదేమో."

చీపురు చప్పుడు టక్కున ఆగింది. సెనూరి ఫక్కున నవ్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జూడ్ చెయ్యి కడుక్కుని లేచాడు. మలర్ పక్క నుంచి పోతూ ఆమె వైపు చూడకుండా, "ఉండు," అన్నాడు. అంతకన్నా పెద్ద మాట వాడి దగ్గర లేదు.

మలర్ బ్యాగు ఎత్తలేదు. వ్యాను చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా ఆగింది.

"చిలాపంలో ఆ స్నేహితురాలు ఇప్పుడు లేదు కదా ఆంటీ. పోయిన నవంబరులో, చనిపోయినవాళ్ల రోజున, మనిద్దరం ఆవిడ పేరున దీపం పెట్టాం."

"మెల్లగా."

"మరి ఆ గీత ఎవరిది?"

డల్సీ ఎర్ర బల్బు వైపు చూసింది. మలర్ ఆ చూపు వెంట పోయి, పూల కింద తెల్లటి తీగ దగ్గర ఆగింది. ఫ్యాక్టరీలో రోజంతా కుట్టు ఎక్కడ తప్పిందో చూసే కళ్లు అవి. చాలాసేపు చూసింది.

"మా అమ్మ ఫోనులో నా మాట సరిగా వినబడదంటుంది," అంది చివరికి. "అయినా పెట్టెయ్యదు. ఊరికే ఊపిరి పీల్చుకుంటూ ఉంటుంది." బ్యాగు తీసుకుని గదిలోకి పోయింది. లోపల బ్యాగు జిప్పు లాగుతున్న చప్పుడు వినబడింది, బట్టలు మళ్లీ తీగ మీద వేస్తున్న చప్పుడు.

ఆ మధ్యాహ్నం సెనూరి భోంచేసి హాల్లోనే నిద్రపోయింది. డల్సీ ఫోను చూసింది. నారింజ గీత లేచింది. కొండలా కాదు. గుమ్మం దగ్గర నిలబడి లోపలికి రావాలో వద్దో తెలియని మనిషిలా, కొంచెం.

ఆమె స్టూలు ఎక్కింది. పేరు పెట్టి పిలవలేదు ఈసారి.

"పెట్టెయ్యకు. తిప్పి పెడదామంటే వాడు చూస్తాడు, అందుకని అలాగే ఉంచాను. పీకను. నాకేం కోపం లేదు." ఊపిరి తీసుకుంది. "ఒక్క సంగతి. నువ్వు వింటున్నంతసేపూ డేటా కరిగిపోతోంది. అది అయిపోతే పిల్ల క్లాసు ఆగిపోతోంది. సగం నెల దాని మాస్టారు రాయిలా ఉంటున్నాడు. సాయంత్రం క్లాసు ఉన్నంతసేపు విను. అది ప్రశ్నలకి జవాబులు చెబుతుంది, బాగా చెబుతుంది. క్లాసు అయిపోగానే కట్టెయ్యి. పరీక్ష అయ్యేదాకా."

గోడ సున్నంలో సన్నటి పగులు ఒకటుంది. ఇన్నాళ్లూ షిరోమి చూసింది దీన్నే అనుకుని డల్సీ దాన్ని వేలితో తడిమింది.

గీత పడిపోయింది. అర్థమై పడిపోయిందో, భయపడి పడిపోయిందో తెలియలేదు.

సోమవారం సాయంత్రం సెనూరి ట్యాబ్ తీసింది. డల్సీ ఆమె బల్లను అల్మరా కిందికి లాగింది.

"ఇక్కడెందుకు? చీకటిగా ఉంది."

"నెట్ బాగా తగులుతుంది. కూర్చో. మాస్టారు అడిగితే గొణగకుండా గట్టిగా చెప్పు."

వంటింట్లోకి పోయి ఉల్లిపాయ ముందేసుకుని ఫోను గోడకు ఆనించి పెట్టుకుంది. మాస్టారి గొంతు మొదలైంది. నారింజ గీత నేల మీదే ఉంది. మొదటి లెక్క అయింది. రెండో లెక్క మొదలైంది. డల్సీ ఉల్లిపాయ తరగడం మర్చిపోయింది.

"సెనూరి, నువ్వు చెప్పమ్మా," అన్నాడు మాస్టారు.

"వ్యాసార్థం ఏడు సార్, అందుకని..." అని సెనూరి మొదలుపెట్టింది. పిల్ల గొంతు అల్మరా దాకా లేచింది. ఆ గొంతుతోబాటే గీత కూడా నిటారుగా లేచి నిలబడింది.

క్లాసు అయ్యేదాకా అలాగే ఉంది. మాస్టారు రేపు కలుద్దామన్నాడు, పిల్లలందరూ ఒకేసారి థాంక్యూ సార్ అన్నారు, సెనూరి ట్యాబ్ మూసింది. వెంటనే గీత పడిపోయింది. ఒక్క ఊపిరి కూడా ఎక్కువ తీసుకోకుండా, చెప్పిన మాట చెప్పినట్టు విన్న కోడలిలా.

సెనూరి కుర్చీ వెనక్కి నెట్టి ఒళ్లు విరుచుకుంది. "ఇవాళ ఒక్కసారి కూడా ఆగలేదు ఆచ్చీ. జవాబు కరెక్టని సార్ అన్నారు, విన్నావా?"

"విన్నాను తల్లీ," అంది డల్సీ వంటింట్లోంచి. నేలకు అంటుకున్న ఆ గీత వైపు చూస్తూ, ఈ మాట కూడా వినేదాకా ఉండమని చెప్పాల్సింది అనుకుంది.